రిజిస్టర్ల లేని కుక్క

హన్మకొండ చౌరస్తల కండక్టర్ ఇప్పటికీ అరుస్తడు,
"కుక్క కాడ దిగేటోళ్లు ముందటికి రండ్రి!"
దిగి చూస్తె కుక్క లేదు.
సెల్‌ఫోన్ల దుకాణం ఉన్నది.
దాని మెట్ల పక్క, కూసొని కూసొని నున్నగైన
జానెడు సిమెంటు గద్దె.

నేను కార్పొరేషన్ల బొమ్మలు కడిగేదాన్ని.
ఇరవై రెండేండ్ల సంది.
జయంతికి ఒకపారి, వర్ధంతికి ఒకపారి,
మంత్రి వస్తుండంటె రాత్రికి రాత్రి ఇంకోపారి.
నిచ్చెన, బకెటు, కొబ్బరిపీచు,
ఇత్తడి పేరుబిళ్లకు నానబెట్టిన చింతపండు.
ఒకాయన వేలు చూపిస్తడు,
ఒకాయన చెయ్యెత్తి మాట్లాడతనే ఉంటడు,
గుర్రమెక్కిన రాణి కత్తి దించనే దించదు.
కాకిరెట్ట మాత్రం
ఎవరి నెత్తి మీదైన ఒక్కతీరుగనే ఎండుతది.

కోటల తోరణాలు మా పని కాదు.
వేయిస్తంభాల గుడి నంది మా పని కాదు.
వాటికి నీలం బోర్డున్నది, కాపలాయన ఉన్నడు,
ముట్టుకుంటె జుర్మానా.
కుక్క ఎవలదీ కాదు.

రికార్డుల దుకాణం తెరిచిన నాడు
జలీల్ భాయ్ మట్టెవాడ సాంబాచారితోని పోయించిండు.
పాటల పళ్లెం నడుమ ముద్రేసి ఉండేది సూడు,
బాకా ముందట మెడ వంచి కూసుండే కుక్క,
లోకమంత ఎరిగిన కుక్క, అదే.
బాకాకు పైసలు సాలలే.
గందుకే ఉత్త కుక్క,
చౌరస్త దిక్కు చెవి పెట్టి కూసున్నది.

మిల్లు సైరన్ విన్నది.
మిల్లు బంద్ పడ్డంక
ఆ యాళ్లకు రాని సైరన్‌ను గూడ విన్నది.
జాతర బస్సులు తప్పిపోయిన పిల్లగాండ్లు
దాని వీపెక్కి ఏడ్సిండ్రు.
మైకుల పేరు పిలిచేదాక కదలకుండ మోసింది.
బీటు కానిస్టేబు టోపీ దాని నెత్తికి పెట్టి చాయ తాగేది.
క్యాసెట్లు వచ్చినయి, పోయినయి.
జలీల్ భాయ్ పోయిండు.
షట్టర్ పడ్డా అది తోక ముడవలే.

రోడ్డు పెద్దగ చేస్తున్న యాడాది
ఇంజినీరు సారు రిజిస్టర్ తెరిచిండు.
"విగ్రహాలు నలభై ఒకటి. ఇండ్ల కుక్క లేదు."
రాసుకోండ్రి సార్ అన్న.
"మహనీయుల ఖానల రాయాల్నా,
వీధికుక్కల ఖానల రాయాల్నా?"
అందరు నవ్విండ్రు.
నేను గూడ నవ్విన. అదే ఇయ్యాలటికి మింగుడు పడదు.

జేసీబీ మొదటి దెబ్బకు ఎడమ చెవి రాలింది.
చెత్త ట్రాక్టరు మీద మడికొండ దిక్కు పోయింది,
ఎనకకు చూసుకుంట.
ఐతారం పోయి ఎతికిన.
గుట్టలు గుట్టలు. బతికున్న కుక్కలు మస్తుగ కనవడ్డయి.

సాంబాచారి అంతల్నే పెద్దోడైండు.
జిల్లల సగం బొమ్మలు ఆయన చేతియే.
ఒకనాడు సున్నం చేతులతోని బీడి ముట్టిచ్చుకుంట అన్నడు,
"మొఖాలు ఫోటో చూసి దించుత గని చెల్లె,
నాకు వచ్చింది ఒక్క మెడనే."

అప్పుడు అర్థం కాలే.
పోయిన నెల కలెక్టరాఫీసు మూల మీది
పెద్దాయన బొమ్మ కడుగ నిచ్చెనెక్కిన.
కింద ఆశా వర్కర్ల ధర్నా, ఎండ,
ఎవలూ బయటికి వస్తలేరు.
నిచ్చెన చివరి మెట్టు మీదికెళ్లి చూస్తెనే తెలుస్తది,
మెడ ఎడమకు ఇంత,
వేలెడంత, ఒరిగి ఉన్నది.

చెవిల దుమ్ము చీపురుపుల్లతోని తీసిన,
గీర పడకుండ.
ఓ పిల్ల కింది నుంచి అడిగింది,
"అమ్మా, ఎవలి బొమ్మ అది?"
బిళ్ల మీది పేరు చదివి చెప్పిన.
మెడ ఎవలిదో చెప్పలే.